గుఱి తప్పిన లీవరు తుపాకి

వయసు మీరినవారిలో ఏ లోపము కనబడినను దానిని ముసలితనముపై వేయుట లోకమునకు అలవాటు. యంత్రముల విషయమునను మనము ఇట్లే చేయుదుము. ఆ మాట యెంతవరకు నిజమో ఒక పాత వేటతుపాకి నాకు నేర్పినది. ఆ వృత్తాంతమును, దాని వెనుకనున్న చరిత్రమును నేడు మీకు విన్నవించెదను.

నేను కొన్ని సంవత్సరములు అమెరికాదేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమున నివసించితిని. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, 1991 నాటి దాని సవరణయు వేటవినోదమునకు స్వస్తి చెప్పినవి. అచ్చట మాత్రము అనుమతిపత్రములతో, కొలదిదినముల గడువుతో, శరత్కాలాంతమున జింకలవేట ఏటేట జరుగుచుండును. మా పొరుగింట నొక వృద్ధుడుండెను. ఆయనకు తండ్రినుండి సంక్రమించిన లీవరు తుపాకి యొకటి కలదు. తండ్రి దానిని 1920 ప్రాంతమున కొనెనట. ఒక యేడు ఆయన పేల్చిన గుండు జింకకు రొమ్మున తగులుటకు మారుగా కడుపున తగిలెను. నెత్తుటిజాడ పట్టుకొని చీకటిపడువరకు వెదకినను ఆ జంతువు దొరకలేదు. అది అడవిలో ఎన్ని గంటలు బాధపడి చచ్చెనో యను తలపుతో ఆ రాత్రి ఆయన అన్నము ముట్టలేదు. "నాకువలెనే దీనికిని కాలము చెల్లినది. ఇక గోడకు తగిలించెదను" అని నాతో ననెను. మనుమరాలికి ఇయ్యవలెనని దాచుకొన్న వస్తువది.

నేను తుపాకుల మేస్త్రిని కాను. యంత్రముల చరిత్రము చదువుటయం దాసక్తి గలవాడను. అయినను ఆయనతో, "తీర్పు చెప్పుటకు ముందు విచారణ జరుపుదము" అంటిని. ఆ విచారణ తెలియవలెనన్న మొదట ఈ తుపాకుల పుట్టుక కొంత తెలియవలెను.

పూర్వము తుపాకి ఒకమారు ప్రేలిన పిమ్మట మరల మందు కూరి, గుండు దిగవేయవలసి యుండెను. 1860లో బెంజమిన్ టైలర్ హెన్రీ యనునతడు చేతిక్రింది లీవరును ఒకసారి దించి యెత్తినంతనే క్రొత్త తూటా వచ్చి కూర్చుండు తుపాకికి పేటెంటు పొందెను. తూటాలు గొట్టముక్రింద నున్న మఱియొక గొట్టములో వరుసగా నుండును. 1866లో వించెస్టరు కంపెనీవారు ప్రక్కనుండి తూటాలు నింపు ద్వారమును చేర్చిరి. వారి 1873 నాటి నమూనా విశేషప్రచారము నొందెను. 1894లో జాన్ మోజెస్ బ్రౌనింగు రూపకల్పన చేసిన నమూనా వచ్చెను. మఱుసటి యేడే దానికి పొగలేని మందు నింపిన 30-30 తూటా తోడైనది. ఈ పేరులో మొదటి 30 గొట్టపు వ్యాసమును, అనగా అంగుళములో నూటికి ముప్పది పాళ్లను తెలుపును. రెండవది మొదట నింపిన మందు తూకమును గ్రెయినులలో తెలుపును. ఆ దేశపు జింకలవేటలో ఈ జోడింపునకు మించి పేరుపొందినది లేదనవచ్చును.

గుఱి సంగతి ఆ కాలపువారికిని తెలియకపోలేదు. 1873 నమూనాలో, పరీక్షలో మిక్కిలి దగ్గఱగా గుండ్లు వేసిన గొట్టములను ఏఱి, వానితో "వేయింట నొకటి" యను పేర ప్రత్యేకపు తుపాకులు చేసి నూఱు డాలర్లకు అమ్మిరి. అట్టివి సుమారు 130 మాత్రమే తయారైనవి. ఒకే కర్మాగారమున, ఒకే యుక్కుతో చేసిన గొట్టములన్నియు సమానములు కావని తయారుచేసినవారే ఒప్పుకొనినట్లయినది.

ఇక మా విచారణ. ప్రభుత్వానుమతి గల గుఱిమైదానమునకు పోయి, తుపాకిని ఇసుకసంచులపై నానించి, నూఱు గజముల దూరమున కాగితముపై అయిదు గుండ్లు వేసితిమి. అవి పదునొకండు అంగుళముల మేర చెదరినవి. ఇట్టి తుపాకి బాగుగా నున్నచో మూడు నాలుగంగుళములలో నిముడవలెను. అప్పుడు నేనొక నియమము పెట్టితిని: ఒకమారు ఒకదానినే మార్చవలెను, మార్చిన ప్రతిసారి మరల అయిదు గుండ్లు వేయవలెను. నాలుగు మార్పులు ఒక్కమారు చేసినచో బాగుపడినను, ఏది రోగమో ఏది మందో తెలియదు.

మొదట పైపై సంగతులు చూచితిమి. గుఱిచూచు ముందుమొన తన గాడిలో వ్రేలితో త్రోసిన కదలుచుండెను. భుజమునకు ఆనించు కొయ్యను పట్టియుంచు మరమేకు వదులై యుండెను. రెండును బిగించితిమి. చెదరుట తొమ్మిది అంగుళములకు తగ్గెను.

పిమ్మట ముందుకొయ్యను చూచితిమి. ఇట్టి తుపాకిలో గుండుగొట్టము, తూటాలగొట్టము, ముందుకొయ్య యీ మూడింటిని ఇనుపపట్టీలు కలిపి కట్టియుంచును. గొట్టము వేడెక్కి సాగబోవగా పట్టీలు అడ్డగించును; అందుచే గుండ్లు వరుసగా పైకో క్రిందికో జరుగును. చలి గొట్టముతో వేసిన మొదటి గుండెక్కడ పడుచున్నదో చూచుటయే దీనికి పరీక్ష. ప్రతి గుండునకు నడుమ గొట్టమును చల్లారనిచ్చితిమి; భేద మంతగా కనబడలేదు. వేటలో పనిచేయునది మొదటి గుండే గనుక ఈ దోషము మా రోగికి ప్రధానము కాదని విడిచితిమి.

మూడవది తూటా. ఒక తూటా మొన ముందుదాని వెనుకనున్న ప్రేలుడుబిళ్లకు తగులునట్లు అవి గొట్టములో వరుసగా పండుకొని యుండును. మొన వాడిగా నున్నచో ఆ తాకిడికి ప్రేలు అపాయము గలదు. అందుచే ఈ తుపాకులకు మొద్దుమొన గుండ్లనే వాడుట ఆచారమైనది. మూడు విధముల తూటాలు తెచ్చి వేసితిమి. ఒకదానితో ఎనిమిది అంగుళములయినది. వృద్ధుడు తల యూపి, "చెప్పితిని గదా" అనెను.

నాలుగవది గొట్టపు లోపలిభాగము. అందు గుండును గిఱ్ఱున త్రిప్పుటకు మెలికలుగా చాళ్లు తీయబడి యుండును. 30-30లో పండ్రెండంగుళముల కొక చుట్టు. ఆ చాళ్లలో రాగిపూత పేరుకొని యుండెను. దానిని కరగించు ద్రావకముతో మూడుదినములు తుడిచితిమి. ఏడంగుళములు. ఆశ్చర్యమేమన, లోపల తుప్పుగుంటలు కొద్దియే. చాళ్ల అంచులు వాడిగానే యున్నవి. ఎనుబదియేండ్లకు మించిన గొట్టము ఇంత ఆరోగ్యముగా నుండగా గుండ్లేల చెదరును?

మిగిలినది గొట్టపు మూతి. తుపాకి ఖాళీగా నున్నదని రెండుమారులు చూచుకొని, మందులేని గుండు నొకదానిని మూతిలో మొనవైపునుండి దించితిమి. కొంత దిగి నిలువవలసిన గుండు ఇంచుమించు మొదలంట దిగినది. భూతద్దముతో చూడగా అంచు ఒకవైపున నున్నగా అరిగి, కోడిగ్రుడ్డు వలె సాగియుండెను. గుండు మూతిని విడుచు క్షణమున దాని వెనుకనున్న వాయువులు అన్నివైపుల సమముగా వెడలవలెను. అంచు ఒకవైపు అరిగినచో ఆ వైపు ముందుగా చిమ్మి, గుండు తోకను ప్రక్కకు నెట్టును. అంతతో గుఱి చెడును.

ఇది గుండ్ల వలన కలిగిన అరుగుదల కాదు. పూర్వపు నల్లమందు చాల మసి విడిచెడిది. కావున వేటగాండ్రు గొట్టమును నీటితో కడిగెడివారు. పొగలేని మందు వచ్చిన పిమ్మట గొట్టము శుభ్రముగా కనబడసాగెను. కాని ఆనాటి ప్రేలుడుబిళ్లలలో పొటాసియము క్లోరేటు ఉండెడిది. అది ప్రేలినపుడు వంటయుప్పువంటి లవణము మిగిలి, గాలిలోని తేమను పీల్చి, ఉక్కును తినివేసెడిది. చమురున కది కరగదు, నీటికే కరగును. ఈ చిక్కులేని బిళ్లలు 1927 ప్రాంతమునగాని అంగడికి రాలేదు. అందుచే ఆ తరమువారు పేల్చిన దినమున విడువక గొట్టమును తోమెడివారు. ఇట్టి లీవరు తుపాకులలో పెక్కింట గొట్టపు వెనుకభాగము మూయబడి యుండును. పెక్కుభాగములు విప్పిననే గాని వెనుకనుండి కడ్డి దూరదు. కావున మూతినుండియే కడ్డి దూర్చుట ఆచారమైనది. ప్రతి రాత్రియు ఆ కడ్డి ఒకేవైపున అంచును రాచుచుండెను.

ఈ సంగతి చెప్పగా వృద్ధుడు చాలసేపు మాటాడలేదు. పిదప, "మా నాయన వంటింటి బల్లవద్ద కూర్చుండి, దీపము పెట్టుకొని ప్రతి రాత్రియు దీనిని తుడిచెడివాడు. నేను ఒడిలో కూర్చుండి చూచెడివాడను" అనెను. గొట్టపు లోపలిభాగమును తుప్పునుండి కాపాడినది ఆ శ్రద్ధయే; మూతిని అరగదీసినదియు ఆ శ్రద్ధయే.

అనుభవముగల మేస్త్రి యొకడు లేతుయంత్రముపై మూతిలోపల అరిగినమేర కొంచెము వెడల్పుచేసి, అరగని చోట క్రొత్త అంచు తీర్చెను. వెలుపలి రూపు మారలేదు. ఆ దినమున అయిదు గుండ్లును మూడంగుళములలో పడెను. వృద్ధుడు కాగితమును మడిచి జేబులో పెట్టుకొనెను. అటుపిమ్మట కడ్డి దూర్చునపుడు మూతికి ఇత్తడి తొడుగు వేయసాగెను. మఱుసటి యేడు మనుమరాలిని వెంట గొనిపోయి, డెబ్బదియైదు గజములకు మించిన దూరమున జింక కనబడినను పేల్చవలదని ఆమెచేత మాట తీసికొనెను.

శ్రోతలారా! ఆ తుపాకిని చెఱచినది ముసలితనము కాదు. ఒక కాలపు మందును, ఒక కాలపు కట్టడియు, ఒక తండ్రి శ్రద్ధయు కలసి దాని మూతిపై తమ గుర్తు నుంచినవి. కాలము చెల్లినదని పాత వస్తువును గోడకు తగిలించుటకు ముందు దాని చరిత్రము నొకమారు విచారించుట మేలు. కొన్నిసారులు రోగము వెండ్రుకవాసి లోతుననే యుండును.