చర్మం కింద వెలుగు

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన రోజుల్లో చక్కెరను రంగు చూసి చెప్పేవాళ్లం. 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణంలో 8 చుక్కల మూత్రం వేసి మరిగిస్తే, చక్కెర లేకుంటే నీలం నీలంగానే ఉండేది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ, మరీ ఎక్కువైతే ఇటుక ఎరుపు. కానీ అది గడిచిపోయిన గంటల లెక్క. ఈ క్షణాన ఒంట్లో ఎంతుందో అది చెప్పలేదు.

అందుకే జెరోమ్ షుల్ట్జ్ బృందం 1982లో ప్రచురించిన పని నాకెంతో ఇష్టం. చిక్కుడు జాతి గింజల నుంచి తీసిన కాంకనావలిన్ అనే ప్రొటీన్‌కు మెరిసే డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసును అతికించారు. గ్లూకోజ్ వచ్చి దాని చోటు లాక్కుంటుంది, విడిపోయిన డెక్స్‌ట్రాన్ వెలుగును ఆప్టికల్ ఫైబర్ పట్టుకుంటుంది. ఒంట్లో అమర్చే సెన్సర్ కోసమే ఆ ప్రయత్నమంతా.

2018లో అమెరికాలో ఒంట్లో అమర్చే ఎవర్‌సెన్స్ అనే గ్లూకోజ్ సెన్సర్‌కు అనుమతి వచ్చింది. డాక్టరు పైచేతి చర్మం కింద చిన్న గొట్టాన్ని పెడతారు. లోపలి ఎల్‌ఈడీ వెలిగితే, పైనున్న పాలిమర్ గ్లూకోజ్‌ను బట్టి మెరుస్తుంది. బ్యాటరీ లేదు, చర్మంపై అతికించిన ట్రాన్స్‌మిటరే కరెంటిస్తుంది. ప్రతి ఐదు నిమిషాలకూ ఫోన్‌లో అంకె పడుతుంది.

నా దృష్టిలో అసలు కష్టం వెలుగుతో కాదు, ఒంటితో. బయటి వస్తువు చుట్టూ ఒళ్లు పొర కట్టేస్తుంది. వాపు తగ్గించడానికి సెన్సర్‌కు డెక్సామెథసోన్ అనే మందున్న పట్టీ తొడిగారు. మొదట 90 రోజులు పనిచేసింది, 2022లో 180, 2024లో ఏడాది. సరిచూసుకోవడానికి వేలి రక్తం మాత్రం ఇంకా కావాలి.