మూత్రం ఆపుకోలేని సమస్యకు మందులు: చరిత్ర

ఉన్నట్టుండి ఆపుకోలేనంతగా మూత్రం రావడం, బాత్‌రూముకు చేరేలోపే బట్టలు తడవడం, రాత్రి పదేపదే లేవాల్సి రావడం... వీటిని అతిచురుకు మూత్రాశయ లక్షణాలు అంటారు. వీటికి వాడే మందుల్లో ఎక్కువ భాగం ఒకే సూత్రం మీద తయారయ్యాయి. నరాల చివర విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ మూత్రాశయ కండరం మీది మస్కరినిక్ గ్రాహకాలను తాకితే కండరం ముడుచుకుంటుంది. వాటిని అడ్డుకుంటే నెమ్మదిస్తుంది. ఉమ్మెత్తలోనూ బెల్లడోనాలోనూ ఉండే అట్రోపిన్ చేసే పనీ ఇదే. చిక్కేమిటంటే ఇవే గ్రాహకాలు లాలాజల గ్రంథుల్లో, కళ్ళలో, పేగుల్లో, మెదడులో కూడా ఉన్నాయి.

అమెరికాలో 1975లో అనుమతి పొందిన ఆక్సీబ్యుటినిన్ బాగా పనిచేసింది. కానీ నోరు పిడచకట్టుకుపోవడం, మలబద్ధకం భరించలేక చాలామంది మధ్యలోనే మానేశారు. మాత్ర మింగినప్పుడు పేగుల్లో, కాలేయంలో తయారయ్యే ఒక ఉప పదార్థమే నోరు అంతగా ఎండడానికి ముఖ్య కారణమని తేలింది. అందుకే 2003లో చర్మానికి అతికించే ప్యాచ్ వచ్చింది. మందు నేరుగా రక్తంలోకి చేరడంతో నోటి బాధ తగ్గింది. ఇదే రంగంలో టెరోడిలిన్ కథ విషాదకరం. గుండె లయను ప్రమాదకరంగా మార్చడంతో 1991లో దాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించారు.

1998లో టాల్టెరోడిన్, 2004లో సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్, ట్రోస్పియం అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి కొంత మెరుగైనవే, అయినా పాత దారిలోనివే. అసలు మలుపు మిరాబెగ్రాన్. జపాన్‌లో 2011లో, అమెరికాలో 2012లో వచ్చిన ఈ మందు ఎసిటైల్‌కోలిన్ జోలికి పోదు. బీటా-3 గ్రాహకాలను ప్రేరేపించి, మూత్రం నిండే దశలో కండరాన్ని వదులు చేస్తుంది. నోరు ఎండడం చాలా తక్కువ. అయితే రక్తపోటు పెరగవచ్చు కాబట్టి బీపీ చూసుకుంటూ ఉండాలి. ఇదే కోవలోని వైబెగ్రాన్‌కు 2018లో జపాన్, 2020లో అమెరికా అనుమతి ఇచ్చాయి. మాత్రలు పనిచేయనివారికి మూత్రాశయ కండరంలోకి బోటాక్స్ ఇంజెక్షన్ ఇవ్వడానికి అమెరికాలో 2013లో ఆమోదం దొరికింది. దీని తర్వాత కొందరికి మూత్రం పూర్తిగా బయటికి రాక, కొంతకాలం కాథెటర్ అవసరమవుతుంది.

దగ్గినా తుమ్మినా మూత్రం జారే సమస్య వేరు. దానికి ఈ మందులు పనిచేయవు, కటి కండరాల వ్యాయామమే ముందు చేయాల్సింది. ఈ సమస్యకు డులోక్సెటిన్ అనే మందు వాడేందుకు 2004లో యూరప్‌లో అనుమతి లభించినా అమెరికాలో ఆ వాడకానికి అనుమతి రాలేదు.

పాత మందుల మీద అతి గంభీరమైన ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందులను ఏళ్ళ తరబడి వాడిన వృద్ధుల్లో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించిందని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రకటించారు. ఆ అధ్యయనం కారణాన్ని నిరూపించలేదు. అయినా ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. కొన్ని జలుబు, అలర్జీ, నిద్ర మాత్రలు కూడా ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటాయి, వీటితో కలిపి వాడితే ప్రభావాలు కలిసి పెరుగుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఈ మందు మొదలుపెట్టేముందు, వాళ్ళు వాడే మందులన్నీ డాక్టరుకు చూపించండి.