ఎక్స్ఛేంజి దూరమును గృహ బ్రాడ్‌బ్యాండ్ వేగమును

టెలిఫోను ఎక్స్ఛేంజినుండి చందాదారుని గృహమువరకు నడచు రాగితీగల జంటపై అంతర్జాలసేవ నందించు పద్ధతికి డి.ఎస్.ఎల్. అని పేరు. ఈ పద్ధతిలో ఒక గృహమునకు లభించు వేగమును నిర్ణయించు ప్రధానకారణము ఆ తీగ పొడవు. చెల్లించిన రుసుము గాని, కొనిన మోడెము వెల గాని, కంప్యూటరు సామర్థ్యము గాని ఆ పొడవు విధించిన హద్దును దాటింపజాలవు. ఒకే ఊరిలో, ఒకే పథకమునకు ఒకే రుసుము చెల్లించు ఇరువురు గృహస్థులలో, ఎక్స్ఛేంజి ప్రక్కనున్నవానికి సెకనుకు 20 మెగాబిట్లును, ఊరి చివరనున్నవానికి 3 మెగాబిట్లును లభించుట ఈ రెండవవాని దోషమేమియు లేకయే సంభవించును.

ఈ తీగలు వేయునాటికి వానినుండి జనులు కోరినది మానవ కంఠధ్వని యొక్కటియే. సంభాషణకు 300 మొదలు 3400 హెర్ట్జులవరకు గల పౌనఃపున్యములు చాలును. అంత మందమైన కంపనములు అయిదారు కిలోమీటర్ల దూరమును సైతము వినదగిన బలముతో దాటగలవు. కావుననే దూరపు గృహములను ఎక్స్ఛేంజికి కలుపుటకు నాటి ఇంజనీర్లు సంకోచింపలేదు. అంతకన్న దీర్ఘమైన మార్గములలో స్వరము క్షీణింపకుండుటకై, ఆలివర్ హెవిసైడ్ సిద్ధాంతము ననుసరించి, దారి పొడవున తీగచుట్టలను చేర్చుట 20వ శతాబ్ది ఆరంభమునుండి ఆచారమయ్యెను. అమెరికాలో 88 మిల్లీహెన్రీల చుట్టలను దాదాపు 1830 మీటర్లకొకటి చొప్పున అమర్చుచుండిరి. ఇవి సంభాషణకు మేలు చేసినవి గాని, స్వరపు మేరకు పైబడిన కంపనములనన్నింటిని అడ్డగించు స్వభావము గలవగుటచే, డి.ఎస్.ఎల్. వచ్చునప్పటికి అవియే ప్రతిబంధకములైనవి. వానిని తొలగించిన గాని ఆ తీగలపై బ్రాడ్‌బ్యాండు నడువదు.

స్వరపు మేరకావల ఉపయోగము లేక పడియున్న ఉన్నత పౌనఃపున్యములను వాడుకొనవచ్చుననియు, అందు గృహమునకు వచ్చు దిశకు అధికభాగమును, గృహమునుండి పోవు దిశకు స్వల్పభాగమును కేటాయించుట మేలనియు 1980ల చివర బెల్‌కోర్ పరిశోధనాలయమునకు చెందిన జోసెఫ్ లెక్‌లైడర్ ప్రతిపాదించెను. ఆ విశాలమైన పట్టీని సన్నని ఉపవాహినులుగా ఖండించి, ఒక్కొక్కదానికి దాని శక్తికొలది బిట్లను అప్పగించు విధానమును ఆచరణయోగ్యము గావించినవారిలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జాన్ సియోఫీ అగ్రగణ్యుడు. ఈ అసమవిభజనతో రూపొంది 1999లో ప్రమాణీకరింపబడిన ఏ.డి.ఎస్.ఎల్.లో 1104 కిలోహెర్ట్జుల పట్టీ 256 ఉపవాహినులుగా విభక్తమైనది; ఒక్కొక్క ఉపవాహిని వెడల్పు 4.3125 కిలోహెర్ట్జులు. ప్రతి ఉపవాహినియు సెకనుకు 4000 మారులు, మారునకు గరిష్ఠముగా 15 బిట్లను మోయును. 2003 నాటి ఏ.డి.ఎస్.ఎల్.2 ప్లస్ ఈ పట్టీని 2208 కిలోహెర్ట్జులకు పెంచి, సెకనుకు 24 మెగాబిట్లను సాధ్యము చేసినది.

దూరము ప్రవేశించునది ఇచ్చటనే. పౌనఃపున్యము పెరిగినకొలది విద్యుత్ప్రవాహము తీగ అంతర్భాగమును విడిచి ఉపరితలమునకు చేరును. ఒక మెగాహెర్ట్జు వద్ద రాగిలో అది సుమారు 0.066 మిల్లీమీటరు లోతునకు పరిమితమగును. తీగలో అధికభాగము లోహమయ్యును నిష్ప్రయోజనమై, నిరోధము పౌనఃపున్యపు వర్గమూలము ననుసరించి హెచ్చును. అర మిల్లీమీటరు మందము గల రాగితీగలో 300 కిలోహెర్ట్జుల వద్ద కిలోమీటరునకు సుమారు 13.8 డెసిబెల్ల క్షయము కలుగును. పై నియమమునుబట్టి లెక్కించిన, 1100 కిలోహెర్ట్జుల వద్ద అది 26కును, 2200 వద్ద 37కును చేరును. డెసిబెల్లు గుణకారమును సూచించు మానము గనుక, 3 కిలోమీటర్ల మార్గమున 300 కిలోహెర్ట్జుల కంపనమునకు తన శక్తిలో మిగులునది పదివేలలో ఒక వంతునకును లోబడియే. అదే మార్గమున 2200 కిలోహెర్ట్జుల కంపనమునకు మిగులునది పదివేల కోట్లలో ఒక వంతునకును లోబడియే. సంకేతము బయలుదేరునపుడు తీగలోని సహజమైన రొదకన్న దాదాపు 100 డెసిబెల్లు పైనుండునని గ్రహించినచో, అట్టి కంపనము గమ్యమునకు చేరునప్పటికి రొదలో మునిగిపోవుట విశదమగును. అనగా పట్టీ పైభాగము ముందుగా నశించును. దూరము పెరిగినకొలది నాశము క్రమముగా క్రిందికి దిగును. 3 కిలోమీటర్లు దాటిన గృహమునకు ఏ.డి.ఎస్.ఎల్.2 ప్లస్ పాత ఏ.డి.ఎస్.ఎల్.కన్న చెప్పదగిన మేలు చేయకపోవుటకు కారణమిదియే.

మిగిలిన ఉపవాహినులును పూర్ణశక్తితో నుండవు. 1948లో క్లాడ్ షానన్ స్థాపించిన సూత్రమునుబట్టి, సంకేతమునకును రొదకును గల అంతరము 3 డెసిబెల్లు తగ్గినప్పుడెల్ల ఒక్కొక్క ఉపవాహిని మారునకు దాదాపు ఒక బిట్టును కోల్పోవును. పాత ఏ.డి.ఎస్.ఎల్.లో గృహదిశకు కేటాయింపబడినవి సుమారు 220 గనుక, అన్నిటికిని సమానముగా 3 డెసిబెల్లు తగ్గిన, సెకనుకు దాదాపు 9 లక్షల బిట్లు పోవును. ఇన్నింటి ఫలితముగా, దోషములేని తీగపై ఏ.డి.ఎస్.ఎల్.2 ప్లస్ వేగము ఒక కిలోమీటరులోపల 20 మెగాబిట్లకు పైనుండి, 3 కిలోమీటర్ల వద్ద 8 ప్రాంతమునకును, 4 కిలోమీటర్ల వద్ద 4 ప్రాంతమునకును, 5 కిలోమీటర్ల వద్ద 2 ప్రాంతమునకును దిగును. గృహమునుండి పోవు దిశ మాత్రము 138 కిలోహెర్ట్జుల లోపలి దిగువ భాగమున నుండుటచే దూరపు దెబ్బను చాలవరకు తప్పించుకొనును.

రొద యనునది ఒక్క తీగయందే పుట్టునది కాదు. ఒకే కట్టలో పోవు జంటలు ఒకదానిసంకేతము నొకటి గ్రహించుచుండును. పొరుగువారు చందాదారులైనకొలది దూరస్థుని బలహీనసంకేతము, సంతలో దూరమునుండి వచ్చు పిలుపువలె, అణగిపోవును. మధ్యతరంగ రేడియో ప్రసారములును ఈ పట్టీలోనే యున్నవి. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రపు 738 కిలోహెర్ట్జులు 171వ ఉపవాహిని వద్దను, విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జులు 194వ దాని వద్దను పడును. స్తంభములపై వ్రేలాడు తీగ తానే ఆంటెన్నాగా పనిచేయును. రాత్రులందు మధ్యతరంగములు అయనోమండలమునుండి పరావర్తితములై వందల కిలోమీటర్ల దూరమునకు వ్యాపించును గనుక, పగలు నిలకడగా నున్న దీర్ఘమార్గము చీకటి పడిన పిమ్మట తెగితెగి వచ్చుట తరచు కనబడును. దీనిని లైన్‌మన్ అశ్రద్ధగా గాని, చందాదారుని అపోహగా గాని భావించుట న్యాయము కాదు.

దూరమనగా తీగ నడచిన దూరము; పటముపై గీచిన గీత కాదు. ఎక్స్ఛేంజిలో తీగలన్నియు కూడు ప్రధాన చట్రమైన ఎం.డి.ఎఫ్. నుండి బయలుదేరిన తీగ వీథి మూలనున్న పిల్లరును చేరి, అచ్చటినుండి ఇండ్లకు తీగలను పంచు డి.పి. పెట్టెకు పోయి, పిమ్మట ఇంటికి వచ్చును. కంటికి ఎదుట ఎక్స్ఛేంజి కనబడు గృహమునకు సైతము తీగ చుట్టుతిరిగి 2 కిలోమీటర్లు నడచియుండవచ్చును. సత్యము తెలియగోరువారు మోడెము చూపు క్షయపు అంకెను 13.8చే భాగింపవలెను; 41 డెసిబెల్లున్నచో తీగ దాదాపు 3 కిలోమీటర్లని ఊహింపవచ్చును. తీగ సన్ననిదైనను, మధ్య అతుకులలో వాననీరు చేరినను ఈ లెక్క తప్పును.

ఈ విషయము ప్రజాసమస్యగా రూపొందిన దేశములలో బ్రిటన్ ముఖ్యము. రాగి వెల పెరిగిన కాలమున అచ్చట కొన్ని ప్రాంతములలో అల్యూమినియము తీగలు వేసిరి. మిల్టన్ కీన్స్ పట్టణము ఇందుకు ప్రసిద్ధము. అల్యూమినియము నిరోధకత రాగికన్న ఒకటిన్నర రెట్లకు మించినదగుటచే, నూతనముగా నిర్మింపబడిన ఆ పట్టణమే బ్రాడ్‌బ్యాండు విషయమున వెనుకబడెను. తరువాత అచ్చటి తీగల జాలమును నిర్వహించు ఓపెన్‌రీచ్ సంస్థ కాంతితంతువును వీథిలోని క్యాబినెట్టువరకు తెచ్చి, అచ్చటినుండి మాత్రమే రాగిపై వి.డి.ఎస్.ఎల్.2 అను మరింత వేగవంతమైన డి.ఎస్.ఎల్. విధానమును నడపెను. దానితో కొలవవలసిన దూరము ఎక్స్ఛేంజినుండి గాక క్యాబినెట్టునుండి యయ్యెను. కొన్ని వందల మీటర్ల లోపలివారికి 80 మెగాబిట్లవరకు లభించినవి. అయితే ఎక్స్ఛేంజికి అతిసమీపమున నుండి, క్యాబినెట్టుతో పనిలేక నేరుగా కలుపబడిన గృహములకు ఈ సౌకర్యము చేరలేదు. ఏండ్ల తరబడి ఊరందరికన్న మంచి వేగమును అనుభవించినవారే వెనుకబడినవారైరి. సామీప్యము స్వతస్సిద్ధమైన గుణము కాదనియు, జాలపు అమరికయే దానికి విలువ నిచ్చుననియు దీనివలన స్పష్టమగుచున్నది. 2018 మే నెలనుండి ఆ దేశమున ప్రకటనలలో చూపు వేగము, రద్దీ సమయమున కనీసము సగముమంది చందాదారులకు లభించునదై యుండవలెనను నియమము అమలులోనికి వచ్చెను. అంతకుముందు పదింట ఒకనికి లభించినను ప్రకటించుట చెల్లుచుండెను. దూరస్థులయెడ జరిగిన అన్యాయమునకు ఇది ఆలస్యముగా దొరకిన పరిహారము.

భారతదేశమున 2004 నాటి విధానము బ్రాడ్‌బ్యాండు కనీసవేగమును 256 కిలోబిట్లుగా నిర్వచించెను. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. డేటావన్ సేవను ప్రారంభించెను. 256 కిలోబిట్లు 5 కిలోమీటర్ల తీగపై కూడ సునాయాసముగా నడచును గనుక, తొలినాళ్ళలో దూరభేదము తెలుగునాట ఎవరికిని పెద్దగా తెలియరాలేదు. పథకములు 8 మెగాబిట్లకును అంతకు పైకిని పెరిగిన పిమ్మటనే, పట్టణపు నడుమనున్నవారికిని శివారు కాలనీలవారికిని గల వ్యత్యాసము బయటపడెను.

కాంతితంతువు గృహమువరకు వచ్చినచో ఈ లెక్కలన్నియు మారిపోవును. గాజులో కాంతి కిలోమీటరునకు కోల్పోవునది సుమారు 0.35 డెసిబెల్లు మాత్రమే గనుక, ఒకే తంతువును పలు గృహములకు పంచు జి.పి.ఓ.ఎన్. విధానమున 20 కిలోమీటర్ల దూరపు గృహమునకును సమీపగృహమునకును ఒకే వేగము అందును. అచ్చట వేగమును నిర్ణయించునది దూరము గాక, ఒకే తంతువును 32 లేక 64 గృహములు పంచుకొనుట. దూరము లెక్కకు రానపుడు ఎక్స్ఛేంజులును అన్ని అక్కరలేదు. బ్రిటన్‌లోని దాదాపు 5,600 ఎక్స్ఛేంజులలో కాంతితంతు సేవకు సుమారు 1,000 చాలునని ఓపెన్‌రీచ్ నిశ్చయించి, తక్కినవానిని క్రమముగా మూసివేయుటకు పూనుకొనినది.