పేరుగల పరిమాణములు

భూగోళమును డిగ్రీకొక గడి చొప్పున విభజించినచో అక్షాంశముల వెంట 180, రేఖాంశముల వెంట 360, మొత్తము 64,800 గడులగును. వానిలో ఒకనాటి ఉష్ణోగ్రతలను నింపుదుము. ఇది రెండు పరిమాణముల పట్టిక. మరునాటి పట్టికను దీనితో చేర్చవలెనన్న కాలమను మూడవ పరిమాణము కావలెను.

1957లో ఐ.బి.ఎం. 704 యంత్రమునకై వెలువడిన ఫోర్ట్రాన్ భాష మూడు పరిమాణముల వరకే అనుమతించెను. ఫోర్ట్రాన్ 77 ప్రమాణము దానిని 7కు, 2008 ప్రమాణము 15కు పెంచినవి. అయితే అసలు చిక్కు ఈ లెక్కలో లేదు. ఏ పరిమాణము దేనికి సంబంధించినదో యంత్రమెరుగదు, శాస్త్రజ్ఞుడే జ్ఞాపకముంచుకొనవలెను. కాలము వెంట తీయవలసిన సగటును పొరపాటున అక్షాంశముల వెంట తీసినను యంత్రము అభ్యంతరము చెప్పక ఏదో ఒక జవాబిచ్చును. ఆ జవాబు చూపునకు సరిగానే ఉండవచ్చును!

అమెరికాలోని యూనిడేటా సంస్థ 1980 దశకము చివర రూపొందించిన నెట్‌సీడీఎఫ్ దస్త్రములలో పరిమాణములకు పేర్లుండెను. కాని సంఖ్యలను మామూలు పట్టికలోనికి చదువుకొనగానే ఆ పేర్లు వెనుకబడిపోయెడివి. లెక్కలలో కూడ పేర్లను నిలుపుటకు స్టీఫన్ హోయర్ మొదలగువారు పైథాన్ భాషలో 2014లో ‘ఎక్స్‌రే’ అను ఉపకరణమును వెలువరించిరి. ఎక్స్‌-కిరణ శాస్త్రముతో తికమక రాకుండ 2016లో దానిని ‘ఎక్స్‌అరే’ అనిరి, మంచి పనియే.

అందులోని ‘ఎక్స్‌పాండ్ డిమ్స్’ అను ఆజ్ఞ మన పట్టికకు కాలమను పరిమాణమును, తేదీతో సహా చేర్చును. ఇప్పుడది 1×180×360, సంఖ్యలు మాత్రము 64,800 గానే ఉండును. అట్టివి 365 వరుసగా పేర్చినచో ఏడాది వాతావరణమంతయు ఒకే పట్టికలో ఇమిడిపోవును. కాలము ఎన్నవ పరిమాణమో తలచుకొనకయే, దాని పేరు చెప్పి సగటు అడుగవచ్చును.