ఎలక్ట్రానిక్ సాహిత్యమున చిత్రకళ, అధివాస్తవిక కథనము

కంప్యూటరు తెరపై చదువుటకే పుట్టి, కాగితముపై అచ్చువేసినచో తన స్వరూపమును కోల్పోవు రచనలకు ఎలక్ట్రానిక్ సాహిత్యమని పేరు. ఇందు బొమ్మయే కథలోనికి ద్వారమైన శాఖ యొకటి కలదు. దాని మూలములు కంప్యూటరుకు పూర్వమే, 1920ల నాటి పారిస్ నగరమున, తెలుగు పాఠకులకు శ్రీశ్రీ మూలమున పరిచితమైన అధివాస్తవికోద్యమమున కానవచ్చును. ఒకరు గీసిన భాగమును మడతలో దాచి అందించగా, మఱియొకరు దాని క్రింద తమకు తోచినది గీయు క్రీడను ఆ కళాకారులు సాగించిరి. మాక్స్ ఎర్న్‌స్ట్ పాతపుస్తకముల చెక్కడపు బొమ్మలను కత్తిరించి అతికి, దాదాపు మాటలే లేని నవలను 1934లో వెలువరించెను.

మైకేల్ జాయిస్, జే డేవిడ్ బోల్టర్, జాన్ స్మిత్ అను మువ్వురు నిర్మించిన ‘స్టోరీస్పేస్’ అను సాఫ్ట్‌వేర్‌తో, లంకెలను నొక్కుచు పాఠకుడే తన దారిని ఎంచుకొను హైపర్‌టెక్స్ట్ కథ అమెరికాలో స్థిరపడెను. అయినను జాయిస్ 1987లో రచించిన ‘ఆఫ్టర్‌నూన్’ ప్రధానముగా వాక్యమయమే. ఆ సాధనమునకే చిత్రకారిణి చూపునిచ్చినది షెల్లీ జాక్సన్. మేరీ షెల్లీ 1818 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలో శాస్త్రజ్ఞుడు సగములో ధ్వంసము చేసిన స్త్రీభూతమును, మేరీయే స్వహస్తములతో కుట్టి ప్రాణము పోసెనని కల్పించి, జాక్సన్ 1995లో ‘ప్యాచ్‌వర్క్ గర్ల్’ను ప్రకటించెను. తెరచినంతనే అతుకుల గీతలతో కూడిన నగ్నస్త్రీదేహ చిత్రము పాఠకునకు ఎదురగును. శ్మశానమను విభాగమున ఒక్కొక్క అవయవము తాను పూర్వమెవరి దేహమున నుండెనో ఆ స్త్రీ చరిత్రను వినిపించును. బొంత యను విభాగమున ఇతర గ్రంథముల తునుకలు అతుకబడియుండును. ఏ అవయవము తరువాత ఏది చదువవలెనో నిర్ణయించువాడు పాఠకుడే కావున, ఆ దేహమును కూర్చు పని కొంత అతనిపైనే పడును. ఈ శాఖయందు రూపమును విషయమును ఇంతగా ఏకమైన కృతి మఱియొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. 1997లో జాక్సన్ తన శరీరమునే బొమ్మగా గీచి, అవయవమునకొక జ్ఞాపకమును జతచేసి, వానినడుమ తోకను సైతము చేర్చి మఱియొక కృతిని వెబ్‌పై నిలిపెను.

1996లో రష్యన్ కళాకారిణి ఓల్యా ల్యాలినా, యుద్ధమునుండి తిరిగివచ్చిన ప్రియునితో సాగు సంభాషణను నలుపుతెలుపు చిత్రములతో రచించెను. పాఠకుడు నొక్కినకొలది తెర చిన్నచిన్న గళ్లుగా చీలి, తుదకు మాటలుడిగి శూన్యమగును. పిదప ఫ్లాష్ అను సాఫ్ట్‌వేర్ బొమ్మలకు చలనమునిచ్చెను. స్కాట్లండు కళాకారిణి డోనా లీష్‌మన్, పదునేడవ శతాబ్దాంతమున మంత్రగత్తెల బారిన పడెనని ప్రచారమైన క్రిస్టియన్ షా అను బాలిక వృత్తాంతమును, 2004లో వాక్యముల ఆసరా దాదాపు లేకయే, మౌస్ సోకిన చోటనెల్ల మేల్కొను విచిత్రదృశ్యములుగా మలచెను.

అచ్చుగ్రంథమునకు లేని మృత్యుభయము వీనికి కలదు. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ ఫ్లాష్‌ను విరమించుటతో ఇట్టి కృతులనేకము బ్రౌజర్లలో తెరచుకొనకుండెను. రఫుల్ వంటి అనుకరణ సాధనములు కొన్నిటిని బ్రతికించుచున్నవి. వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు వాంకూవర్ ప్రాంగణమున డీన్ గ్రిగర్ నెలకొల్పిన ప్రయోగశాల, ‘ప్యాచ్‌వర్క్ గర్ల్’ వంటి కృతులను అవి పుట్టిన కాలపు మెకింటాష్ యంత్రములపైననే తెరచి చదువుటకు వీలుగా ఆ యంత్రములను పనిచేయు స్థితిలో కాపాడుచున్నది.