ఒక కేసెట్, రెండు సినిమాలు: పాప్ పంక్ స్ప్లిట్‌కి మన చుట్టం

కూచిపూడి నుంచి వీడియో అనగానే గజ్జెలు, జడ, భామాకలాపం అనుకుంటారు. ఈసారి అది కాదు. ఇదిగో, నా చేతిలో ఉన్నది ఒక పాత కేసెట్. డబ్బాలో మడిచి పెట్టే రంగు కాగితం సగం చిరిగిపోయింది. సైడ్ ఎ సినిమా పేరు కనిపిస్తోంది. సైడ్ బి సినిమా పేరు ఆ చిరిగిన ముక్కతోనే పోయింది.

ఇది మా పెదనాన్నది. "పెదనాన్నా, వెనకపక్క ఏ సినిమా?" అని అడిగితే, "అదా? అది ఆడలేదురా. ముందుదాని కోసం కొన్నా, అది ఊరికే వచ్చింది" అన్నారు. కానీ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఆయన కూనిరాగం తీసేది మాత్రం ఆ ఊరికే వచ్చిన పాటే!

ఇలా ఒకే రికార్డు మీద ఇద్దరి పాటలు వేస్తే ఇంగ్లీషువాళ్ళు 'స్ప్లిట్' అంటారు. పాప్ పంక్ బ్యాండ్ల ప్రపంచంలో ఇది మామూలు విషయం. గిటార్లు వేగంగా కొడతారు, రెండు మూడు నిమిషాల్లో పాట అయిపోతుంది, చేతిలో డబ్బులుండవు. ఏడంగుళాల చిన్న రికార్డు వేయాలన్నా ముందు లోహపు అచ్చు తీయాలి. వంద కాపీలు వేసినా, పదివేలు వేసినా ఆ అచ్చు ఖర్చు తప్పదు. అందుకని రెండు బ్యాండ్లు కలిసి ఖర్చు పంచుకుంటాయి: నీకో పక్క, నాకో పక్క. ఇంకో లాభం కూడా ఉంది. నీ ఫ్యాన్స్ నా పాట వింటారు, నా ఫ్యాన్స్ నీ పాట వింటారు.

బ్లింక్-182 పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1996లో వాళ్ళు 'లెమ్మింగ్స్' అనే పాటని స్విండిల్ అనే బ్యాండ్‌తో కలిసి ఒక స్ప్లిట్‌గా తెచ్చారు. మరుసటి ఏడాది అదే పాట వాళ్ళ 'డ్యూడ్ రాంచ్' ఆల్బమ్‌లోకి వచ్చింది. తర్వాత బ్లింక్ ఎక్కడికి వెళ్ళిందో తెలిసిందే. స్విండిల్ పేరు ఎంతమందికి తెలుసు? 2002లో నోఎఫ్ఎక్స్, రాన్సిడ్ అనే రెండు బ్యాండ్లు ఇంకా సరదా పని చేశాయి. వీళ్ళ పాటలు ఆరు వాళ్ళు, వాళ్ళ పాటలు ఆరు వీళ్ళు పాడి ఒకే రికార్డుగా వేశారు. నాకైతే స్ప్లిట్లన్నిటిలో అదే అందమైన ఆలోచన అనిపిస్తుంది.

సరే, మన దగ్గరికి వద్దాం. ఫిలిప్స్ కంపెనీ 1963లో కేసెట్ తెచ్చింది. మన ఊళ్ళలో దాని రాజ్యం మాత్రం ఎనభైలు, తొంభైలు. అరవై నిమిషాల కేసెట్ అంటే పక్కకి ముప్ఫై. తెలుగు సినిమాలో పాటలు ఎన్ని? ఐదో, ఆరో. ఒక్కోటి నాలుగున్నర నిమిషాలు వేసుకోండి, ఆరింటికి ఇరవై ఏడు. అంటే సినిమా మొత్తం ఒక్క పక్కలో ఇమిడిపోతుంది! మరి రెండో పక్క ఖాళీగా వదలడమెందుకని ఇంకో సినిమా ఎక్కించేవారు. అంతకుముందు ఎల్.పి. రికార్డుల మీదా ఇలా రెండేసి సినిమాలు వచ్చేవి. కవరు మీద ఇద్దరు హీరోలు పక్కపక్కనే. ఒకరి అభిమాని ఇంకొకరి పాటల్ని కూడా ఇంటికి మోసుకెళ్ళాల్సిందే. గుడివాడలో అయినా బెజవాడలో అయినా షాపువాడు సగం కోసి ఇవ్వడు కదా.

ఇక్కడే పంక్ వాళ్ళకీ మనకీ తేడా. వాళ్ళు ఒకరినొకరు ఎంచుకున్నారు. మన సినిమాల జతని ఆడియో కంపెనీ కుదిర్చింది. పెద్దలు కుదిర్చిన పెళ్ళిలాంటిదన్నమాట. ట్యూన్ కట్టినాయన్ని "నీ పక్కన ఎవరుంటే బాగుంటుంది?" అని అడిగే పద్ధతి కాదది. అయినా మేలు జరిగింది. థియేటర్లో నిలబడని సినిమా పాటలు, ఆడిన సినిమా వీపు మీదెక్కి మా పెదనాన్న నోటిదాకా వచ్చాయి. వెనక్కి తిప్పాలంటే బ్యాటరీ అయిపోతుంది, లేదా పెన్సిల్ పెట్టి చేత్తో తిప్పుకోవాలి. అంత ఓపిక లేనివాళ్ళు కేసెట్ బోర్లించి రెండో పక్క వినేవారు. బద్ధకం చేసిన మేలు ఇది, నవ్వకండి.

తర్వాత సీడీ వచ్చింది, దానికి వినే పక్క ఒకటే. ఎంపీ3 డిస్కులో వందకు పైగా పాటలు పట్టాయి. ఇప్పుడు యాప్‌లో ఏ సినిమా ఆల్బమ్ దానిదే. కేసెట్‌లో కలిసి కాపురం చేసిన రెండు సినిమాలకి అక్కడ ఒకదానితో ఒకటికి సంబంధమే ఉండదు. పేరు తెలిస్తేనే వెతకగలం. మా సైడ్ బి విషయంలో ఆ పేరే లేదు.

పాట మాత్రం ఉంది. టేపు కొంచెం నలిగింది, రెండో చరణం దగ్గర గొంతు సాగుతుంది. ఎపిసోడ్ చివర ఇరవై సెకన్లు వినిపిస్తాను, ఎవరైనా గుర్తుపడితే చెప్పండి. అలాగే మీ ఇంట్లో అటక మీద కేసెట్ల అట్టపెట్టె ఉంటే దించండి. రంగు కాగితం ఇంకా చిరగకపోతే రెండు పక్కలూ ఫోటో తీసి పెట్టుకోండి. ముందు వెనకపక్క తీయండి.