ఐఆర్‌క్యూ 5, అడ్రస్ 300

1992. అమెరికాలో ఓ యూనివర్సిటీ ల్యాబ్. బల్ల మీద 386 పీసీ మూత ఊడదీసి ఉంది. మీ చేతిలో ఎన్‌ఈ2000 ఈథర్నెట్ కార్డు. స్లాట్‌లో దించేముందు జంపర్లు చూసుకోండి. కార్డు ఐఆర్‌క్యూ 3 మీద, అంటే మూడో ఇంటరప్ట్ లైను మీద వచ్చింది. కామ్2 పోర్టుదీ అదే ఐఆర్‌క్యూ, ఆ పోర్టుకేమో మోడెమ్ తగిలించి ఉంది. రెండూ తగువు పడితే ఏది ఎప్పుడు మూగబోతుందో చెప్పలేం. ఆ బుల్లి జంపర్‌ను గోటితో పీకి 5 మీదికి మార్చండి. అడ్రస్ 300 అలాగే ఉండనివ్వండి.

కార్డును నెట్‌వర్క్‌కి కలిపే కొత్త టీ కనెక్టర్ పెట్టాలంటే కోయాక్స్ తీగ విప్పాలి. విప్పీ విప్పగానే పక్క గదిలోంచి కేక: "ఎవరయ్యా పీకింది?" తీగ ఒక్కచోట తెగితే చాలు, దాని మీదున్న మెషీన్లన్నీ ఆగిపోతాయి. గబగబా బిగించండి. మీదే చివరి మెషీన్, 50 ఓమ్‌ల టెర్మినేటర్ మరిచిపోకండి.

డాస్ లేచింది. ఫ్లాపీలో రస్సెల్ నెల్సన్ కూడగట్టిన ప్యాకెట్ డ్రైవర్లున్నాయి, సోర్స్ కోడ్‌తో సహా, ఉచితంగా. డ్రైవర్ పేరు కొట్టి, పక్కన హెక్స్‌లో మూడు సంఖ్యలు: 60, 5, 300. ఎంటర్. తెర మీద కార్డు ఈథర్నెట్ అడ్రస్ ప్రత్యక్షమైంది, అంటే కార్డు పలికింది.

60 అనేది సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్. డ్రైవర్ ఇక మెమరీలోనే మకాం. నెట్‌వర్క్ కావలసిన ప్రోగ్రాం 60 నుంచి 80 దాకా, హెక్స్ లెక్కలో, ఒక్కో ఇంటరప్టూ తడుముకుంటూ పోతుంది. హ్యాండ్లర్ మొదలైన మూడు బైట్ల తర్వాత 'పీకేటీ డీఆర్‌వీఆర్' అన్న అక్షరాలు కనిపిస్తే డ్రైవర్ దొరికినట్టే. ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ కంపెనీ రాసి, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసిన ఒప్పందం ఇది. ఇలాంటిది లేనప్పుడు ప్రతి ప్రోగ్రామూ మార్కెట్లోని ప్రతి కార్డుకూ సొంత కోడ్ మోసుకు తిరగాల్సి వచ్చేది. పైగా కార్డును పట్టుకున్న ప్రోగ్రాం ఇంకోదాన్ని దగ్గరికి రానిచ్చేది కాదు.

ప్యాకెట్ అందించే తీరు చూడండి, నాకు మహా ముచ్చట. డ్రైవర్ ప్రోగ్రామును రెండుసార్లు పిలుస్తుంది. మొదట: "ఇంత పొడుగు ప్యాకెట్ వచ్చింది, ఎక్కడ పెట్టను?" ప్రోగ్రాం చోటు చూపిస్తే అక్కడికి కాపీ చేసి, మళ్లీ: "పెట్టేశాను, చూసుకో." చోటు లేదంటే ప్యాకెట్‌ను పారేస్తుంది. కావాలనుకుంటే టీసీపీ మళ్లీ తెప్పించుకుంటుంది, డ్రైవర్‌కి ఆ బెంగ లేదు. మైక్రోసాఫ్ట్, 3కామ్‌ల డ్రైవర్ ఒప్పందం ఎన్‌డీఐఎస్‌కి ప్రోటోకాల్ డాట్ ఐఎన్‌ఐ ఫైలు దిద్దుకుంటూ కూర్చున్నవాళ్లకి ఈ క్లుప్తత విలువ బాగా తెలుసు.

ఇప్పుడు అసలు పరీక్ష. అదే కార్డు మీద నోవెల్ సర్వర్ కూడా కావాలి. ప్యాకెట్ డ్రైవర్ మీద నోవెల్ ఐపీఎక్స్‌ను నడిపే పీడీఐపీఎక్స్ ఎక్కించండి, తర్వాత సర్వర్‌కి కలిపే నెటెక్స్. ఐపీఎక్స్ ప్యాకెట్ల టైపు 8137, ఐపీవి 0800. ఏ టైపు తమదో ప్రోగ్రాములు ముందే చెప్పుకున్నాయి కాబట్టి డ్రైవర్ విడదీసి ఇస్తుంది. 640 కేబీలో ఇంకా చోటుంది. ఎన్‌సీఎస్‌ఏ టెల్నెట్ నడపండి. యూనిక్స్ మెషీన్ లాగిన్ అడిగింది, లోపలికి వెళ్లండి. ఆల్ట్-ఈ కొట్టి డాస్‌లోకి దూకండి. ఎఫ్ డ్రైవ్‌కి మారి డిర్ కొట్టండి: సర్వర్ ఫైళ్లు వరసగా దిగుతున్నాయి. ఎగ్జిట్. టెల్నెట్ సెషన్ తెగలేదు.